చీముకి దారి ఇవ్వకుండా మాత్రలు మింగితే ఎలా?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ పళ్ళ మీదే. అందులోనూ సగానికి పైగా ఒకటే గోల, వాపు, చీము, రాత్రంతా నిద్ర లేదు. కొంతమంది నోరు తెరిచి ఫొటోలు తీసి మరీ పంపారు, పొద్దున్నే ఇడ్లీ తింటూ తెరిచాను, నా ఖర్మ. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఏరియా మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న (మల్కాజ్‌గిరి): కింద ఎడమవైపు దవడ పన్ను పిప్పి పట్టి చాన్నాళ్ళయింది సార్. ఈ ఏడాదిలో చిగురు వాయడం ఇది మూడోసారి. ప్రతిసారీ మా గల్లీ మెడికల్ షాపులో అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కలిపి ఇస్తారు, ఐదు రోజులు వేసుకుంటే వాపు మాయం. రెండు మూడు నెలలకి మళ్ళీ మొదలు. ఈసారి ఇంకా పవర్ ఉన్న యాంటీబయాటిక్ వేసుకోవాలా, లేకపోతే ఇంజెక్షన్ల కోర్సు చేయించుకోవాలా?

జవాబు: రెండూ కాదు, పన్ను తెరిపించుకోవాలి.

పన్ను బయటికి రాయిలా కనిపిస్తుంది గానీ నడిమధ్యలో ఒక సన్నటి గది ఉంటుంది, అందులో నరం, రక్తనాళాలు కలిసిన మెత్తటి గుజ్జు, మేం పల్ప్ అంటాం. పిప్పి తినుకుంటూ తినుకుంటూ ఆ గది దాకా పోతే బ్యాక్టీరియా లోపల పడుతుంది, గుజ్జు వాస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. చేతికి దెబ్బ తగిలితే చర్మం సాగుతుంది, వాపుకి చోటు ఉంటుంది. పన్ను సాగదు కదా, నాలుగు వైపులా గట్టి గోడలే, లోపల ఒత్తిడి పెరిగి పెరిగి రక్తం రావడమే ఆగిపోతుంది, గుజ్జు చచ్చి కుళ్ళిపోతుంది. ఆ కుళ్ళు వేరు కొసన ఉండే చిన్న రంధ్రంలోంచి దవడ ఎముకలోకి కారుతుంది, అక్కడ తెల్ల రక్తకణాలు వచ్చి కొట్లాడి చస్తాయి, ఆ శవాల కుప్పే మీరు చూసే చీము.

ఇప్పుడు మాత్ర సంగతికి వద్దాం. మీరు మింగిన మందు కడుపులోంచి రక్తంలోకి పోయి, ఆ రక్తంతో పాటే ఒళ్ళంతా తిరుగుతుంది. చచ్చిన పన్ను లోపలికి రక్తమే పోదు, మరి మందు ఎలా పోతుంది? నల్లా పైపు కట్ చేసేసిన ఇంటికి మంజీరా నీళ్ళు ఎంత ఫోర్స్‌గా వదిలినా ఆ ఇంట్లో బకెట్ నిండదు. వేరు చుట్టూ ఉన్న ఎముకలో, చిగురులో రక్తం తిరుగుతుంది కాబట్టి అక్కడిదాకా మందు పనిచేస్తుంది, వాపు తగ్గుతుంది, మీరు హమ్మయ్య అనుకుంటారు. వేరు గొట్టంలో దాక్కున్న గుంపు మాత్రం అలాగే ఉంటుంది, రెండు నెలలకి మళ్ళీ బయటికొస్తుంది. ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ కొన్నా, రక్తనాళంలోకి ఇంజెక్షన్ ఇచ్చినా ఇదే కథ.

అందుకని చీముకి దారి ఇవ్వాలి. దానికి మూడు దార్లున్నాయి. పన్ను పైనుంచి రంధ్రం చేసి గొట్టం శుభ్రం చేయడం, అంటే రూట్ కెనాల్. చిగురులో చీము మెత్తగా కదులుతుంటే అక్కడ చిన్న గాటు పెట్టి వదిలేయడం, ఇది ఒక్కటే చేసి ఊరుకుంటే చాలదు, తర్వాత పన్ను పని కూడా చూడాలి. పన్ను నిలబెట్టలేని స్థితిలో ఉంటే తీసేయడం. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన గైడ్‌లైన్ కూడా ఇదే మాట చెప్పింది, మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్ళకి వాపు ఒక్కచోటే ఉండి, పంటి ట్రీట్‌మెంట్ వెంటనే దొరికితే యాంటీబయాటిక్ వద్దు. జ్వరం, నీరసం, వాపు పాకడం లాంటివి ఉంటే ఇవ్వాలి, అప్పుడు కూడా మొదటి వరసలో ఉన్నది సాదా అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, 3 నుంచి 7 రోజులు, అదీ పెన్సిలిన్ పడనివాళ్ళకి కాదు. మూడు రోజులకి ఎలా ఉందో మళ్ళీ చూడాలి.

మీ స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి, నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని చెప్పే గీత అది, 2016లో కేంద్ర ప్రభుత్వం దాని గురించి పెద్ద ప్రచారమే చేసింది. మీ మెడికల్ షాపతనికి ఆ గీత కనపడట్లేదేమో మరి.

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్): నేను మైక్రోబయాలజీ స్టూడెంట్‌ని మేడమ్... సారీ, సార్. మా ల్యాబ్‌కి పంటి చీము స్వాబ్స్, అంటే దూది పుల్లకి అద్ది తీసిన శాంపిల్స్ వస్తుంటాయి. ఒకసారి గ్రోత్ లేదని, ఇంకోసారి నోట్లో మామూలుగా ఉండేవే అని రిపోర్ట్ ఇస్తాం. అంత చీము ఉండి బ్యాక్టీరియా పెరగకపోవడమేంటి? అసలు ఇందులో మెయిన్ విలన్ ఎవరు?

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ, ఇలాంటిది నెలకొకటి వచ్చినా నాకు పండగే. విలన్ ఒక్కడు కాదు, ముఠా.

పళ్ళ మీది పాచిని గీకి, తను చేసుకున్న సూక్ష్మదర్శినిలో చూసి లోపల ప్రాణులు ఈదుతున్నాయని హాలండ్ బట్టల వ్యాపారి ల్యూవెన్‌హుక్ 1683లోనే లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఇప్పటికి మనుషుల నోళ్ళలో దొరికిన జాతుల లెక్క 700 దాటింది. పిప్పి మొదలుపెట్టేవాళ్ళలో పేరున్నది స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్, తీపి తిని యాసిడ్ వదిలి పంటి పై పొర ఎనామెల్‌ని కరిగిస్తుంది. కానీ వేరు కొసన చీములో సూది పెట్టి చూస్తే దాని హడావిడి పెద్దగా ఉండదు, అక్కడ వేరే బ్యాచ్. స్ట్రెప్టోకోకస్ యాంజినోసస్ గుంపు, ప్రివోటెల్లా, ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్, పార్విమోనాస్ మైక్రా, పోర్ఫిరోమోనాస్ ఎండోడాంటాలిస్, ఇలా ఒక్క చీము బొట్టులో చాలా జాతులు కలిసి ఉంటాయి.

ఒకదాని తర్వాత ఒకటి ఎలా దిగుతాయో చూడు. ముందు గాలి ఉన్నా లేకపోయినా బతికే స్ట్రెప్టోకోకైలు దిగుతాయి, అవి అక్కడున్న కాస్త ఆక్సిజన్ వాడేస్తాయి, గుజ్జు చచ్చాక కొత్త రక్తం రాదు కాబట్టి ఆక్సిజన్ కూడా రాదు. అప్పుడు ఆక్సిజన్ పడని వాళ్ళకి, అంటే అనెరోబ్స్‌కి ఇల్లు రెడీ. ఫ్యూసోబ్యాక్టీరియం సన్నగా పొడుగ్గా కండెలా ఉండి, ముందొచ్చినవాళ్ళని ఒక చేత్తో తర్వాత వచ్చేవాళ్ళని ఇంకో చేత్తో పట్టుకుంటుంది, పెళ్ళిళ్ళ బ్రోకర్ లాగా. ఒకరు వదిలిన వ్యర్థం ఇంకొకరికి తిండి. ప్రోటీన్లు కుళ్ళబెట్టేటప్పుడు గంధకం కలిసిన వాయువులు వదులుతాయి, చీము తీసినప్పుడు ముక్కు పగిలిపోయే ఆ మురిగిన గుడ్డు వాసన వాళ్ళదే. నేను చదువుకునే రోజుల్లో మొదటిసారి ఆ వాసన తగిలి మధ్యాహ్నం క్యాంటీన్‌కి పోలేదు.

మరి బ్యాక్టీరియాని పెంచే మీ ప్లేట్ మీద ఎందుకు పెరగట్లేదంటే, స్వాబ్ తీసి, దాన్ని మామూలు ట్యూబ్‌లో పెట్టి, అటెండర్ చేతిలో పెట్టి, అతను చాయ్ తాగి వచ్చేలోపు అనెరోబ్స్ సగం చచ్చిపోయి ఉంటాయి. తర్వాత దాన్ని మామూలు ఇంక్యుబేటర్‌లో పెడితే మిగిలినవీ పోతాయి. అదీగాక స్వాబ్ నోట్లోంచి బయటికొచ్చేలోపు నాలుకకి, బుగ్గకి తగిలి ఉమ్మిలో ఉన్నవన్నీ అంటించుకొస్తుంది, అందుకే నోట్లో మామూలుగా ఉండేవే అని రాయాల్సొస్తుంది. సరైన పద్ధతేంటంటే చిగురు పైభాగం తుడిచి, సూదితో నేరుగా చీము లాగి, సిరంజిలో గాలి లేకుండా చేసి, అనెరోబిక్ ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో వెంటనే ల్యాబ్‌కి చేర్చాలి, అక్కడ అనెరోబిక్ జార్‌లో పెట్టి రోజుల తరబడి ఓపిక పట్టాలి. ముందు ఒక గ్రామ్ స్టెయిన్ వేసి, అంటే రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూడు, గ్రోత్ లేదన్న శాంపిల్‌లోనే గుండ్రటివి, కడ్డీలు, దారాల్లాంటివి గుంపులుగా కనిపిస్తాయి. ఇంతా చేసినా కొన్ని జాతులు ఏ ప్లేట్ మీదా పెరగవు, బ్యాక్టీరియా జాతిని గుర్తుపట్టించే 16ఎస్ అనే జీన్ చదివితేనే ఉన్నాయని తెలుస్తుంది.

అలాగని ప్రతి పంటి చీముకీ కల్చర్, అంటే ల్యాబ్‌లో ఇలా బ్యాక్టీరియాని పెంచి చూడటం అక్కర్లేదు, దారి ఇస్తే తగ్గిపోయేదానికి రిపోర్ట్ ఎందుకు. వాపు మెడలోకి పాకినప్పుడు, ఆస్పత్రిలో చేర్చినప్పుడు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళలో, ఇచ్చిన మందు పని చేయనప్పుడు పంపాలి. ప్రివోటెల్లాల్లో చాలావాటికి పెన్సిలిన్‌ని కోసిపారేసే బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అందుకే కొన్నిసార్లు దాన్ని అడ్డుకునే క్లావులనేట్ కలిపిన అమాక్సిసిలిన్ ఇస్తాం, లేదా మెట్రోనిడజోల్ జోడిస్తాం. మెట్రోనిడజోల్ ఒక్కటే ఇవ్వడం మాత్రం తప్పు, అది అనెరోబ్స్‌ని చంపుతుంది గానీ స్ట్రెప్టోకోకైలని ముట్టుకోదు.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. 1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌గెరాల్డ్ అనే ముగ్గురు ఎలుకల పళ్ళకి గుజ్జు దాకా రంధ్రాలు చేసి అలాగే వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు చచ్చిపోయి వేరు కింద చీము గడ్డలొచ్చాయి. పుట్టినప్పటి నుంచి ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం రంధ్రంలో తిండి ఇరుక్కున్నా గుజ్జు బతికే ఉంది, పైగా కొత్త డెంటిన్‌తో, అంటే పన్ను లోపలి గట్టి పదార్థంతో, రంధ్రం తనే పూడ్చుకుంది. అంటే రంధ్రం ఒక్కదానివల్ల పన్ను చావదు, లోపలికి దూరిన బ్యాక్టీరియా వల్ల చస్తుంది. రూట్ కెనాల్ అనే పని మొత్తం ఆ లెక్క మీదే నడుస్తోంది.

ప్రశ్న (కూకట్‌పల్లి): పది రోజులు నరకం చూపించిన పన్ను నొప్పి ఒక రాత్రి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇప్పుడు చిగురు మీద చిన్న మొటిమ లాంటిది ఉంది, నొక్కితే ఉప్పగా ఏదో వస్తుంది. నొప్పి లేదు కాబట్టి వదిలేయొచ్చా?

జవాబు: వద్దండీ. నొప్పి ఆగిందంటే మీ పన్ను బాగుపడిందని కాదు, నరం పూర్తిగా చచ్చిపోయింది, తర్వాత చీము ఎముకని తొలుచుకుని చిగురులోంచి తనే దారి చేసుకుంది. ఒత్తిడి పోయింది కాబట్టి నొప్పి పోయింది. ఆ మొటిమ మూసుకుపోయిన రోజు మళ్ళీ అర్ధరాత్రి మొదలవుతుంది, పడుకుంటే తలకి రక్తం ఎక్కువ చేరి పోటు ఇంకా పెరుగుతుంది. నొప్పి లేని ఈ రోజుల్లోనే ఎక్స్‌రే తీయించి పని కానిచ్చేయండి, మీకూ సుఖం, డాక్టర్‌కీ సుఖం.

ప్రశ్న (సంతోష్‌నగర్): మా అమ్మకి 58 ఏళ్ళు, షుగర్ ఉంది, మొన్న చూస్తే 300 దాటింది. కింది చివరి పన్ను నొప్పని నాలుగు రోజుల నుంచి అంటోంది. ఇప్పుడు దౌడ కింద గట్టిగా వాచింది, నోరు రెండు వేళ్ళు కూడా తెరుచుకోవట్లేదు, మింగడానికి కష్టం అంటోంది. మా పెద్దమ్మ ఇసుక మూట కాచి కాపడం పెడుతోంది. ఏం చేయాలె?

జవాబు: మీ ఉత్తరం చూడగానే పత్రిక వచ్చేదాకా ఆగకుండా ఆఫీసు వాళ్ళతో ఫోన్ చేయించాను, ఆస్పత్రిలో చేర్చారని తెలిసింది, సంతోషం. మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను, ఈ కాలమ్ మొత్తంలో ఇదొక్కటి చదివినా చాలు.

కింది రెండో, మూడో దవడ పళ్ళ వేర్లు చాలామందిలో నాలుక కింద పరుచుకుని ఉండే కండరం అతుక్కునే గీత కంటే దిగువకి ఉంటాయి. అందుకని వాటి చీము నోట్లోకి రాకుండా నేరుగా దవడ కిందికి, మెడ వైపుకి జారుతుంది. రెండు పక్కలా నిండిపోతే నాలుక పైకి, వెనక్కి నెట్టుకుపోయి ఊపిరి దారి మూసుకుపోతుంది. 1836లో జర్మనీలో లుడ్‌విగ్ అనే డాక్టర్ దీన్ని వివరంగా రాశాడు, ఇప్పటికీ లుడ్‌విగ్స్ ఆంజైనా అనే పిలుస్తాం. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది వచ్చినవాళ్ళలో సగం మందికి పైగా పోయేవాళ్ళు, ఒక పిప్పి పన్నుతో.

కాబట్టి నోరు తెరవలేకపోవడం, మింగలేక చొంగ కారడం, గొంతు మారి నోట్లో ఏదో పెట్టుకున్నట్టు మాట్లాడటం, నాలుక కింద గట్టిగా ఎత్తుగా రావడం, పడుకుంటే ఊపిరాడకపోవడం, చలితో జ్వరం, కన్ను మూసుకుపోయేలా వాపు, వీటిలో ఏది కనిపించినా క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. 108కి ఫోన్ చేయండి, ఆక్సిజన్, ఆపరేషన్ థియేటర్ ఉన్న పెద్దాస్పత్రికి పోండి, దారిలో పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే తీసుకెళ్ళండి. అక్కడ ముందు ఊపిరి దారి కాపాడి, రక్తనాళంలోకి యాంటీబయాటిక్ పెట్టి, మెడలో గాటుతో చీము తీసి, కారణమైన పన్ను సంగతి చూస్తారు.

షుగర్ ఎక్కువుంటే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి, చీము త్వరగా పాకుతుంది, ఆ ఇన్‌ఫెక్షన్ మళ్ళీ షుగర్‌ని పెంచుతుంది, ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. షుగర్ తగ్గాకే పన్ను ముట్టుకుంటాం అని ఇలాంటి చీముని వారాలు వాయిదా వేయడం సరికాదు, రెండూ ఒకేసారి నడవాలి. ఇంకో మాట, షుగర్ ఉన్నవాళ్ళకి పై దవడలో ఒకేసారి రెండు మూడు పళ్ళు వదులై, బుగ్గ మొద్దుబారి, ముక్కులోంచి నల్లగా వస్తుంటే అది పంటి చీము కాకపోవచ్చు, 2021లో కరోనా తర్వాత చూసిన బ్లాక్ ఫంగస్ గుర్తుందిగా, ఆ అనుమానంతో వెంటనే ఈఎన్‌టీ వాళ్ళకి చూపించాలి.

కాపడం గురించి పెద్దమ్మగారికి కోపం రాకుండా చెప్పండి, బయటి నుంచి వేడి పెడితే చీము బుగ్గ చర్మం వైపు దారి చూసుకునే ప్రమాదం ఉంది, ముఖం మీద మచ్చ మిగులుతుంది. గోరువెచ్చటి ఉప్పు నీళ్ళు నోటి లోపల పుక్కిలించడం వేరు, అది మంచిదే.

ప్రశ్న (ఉప్పల్): చీము పట్టిన పన్ను తీయడానికి పోతే మత్తు ఇంజెక్షన్ రెండుసార్లు ఇచ్చినా ఎక్కలేదు, ప్రాణం పోయింది. డాక్టర్ మందు పాతదా?

జవాబు: పాపం డాక్టర్‌ని అనకండి. చీమున్న చోట ఆమ్లం పెరుగుతుంది. లిగ్నోకెయిన్ అనే ఆ మత్తు మందు నరం పొరలోంచి లోపలికి దూరాలంటే విద్యుత్ ఆవేశం లేని రూపంలో ఉండాలి, ఆమ్లంలో ఆ రూపం తగ్గిపోతుంది, గుమ్మం బయటే నిలబడిపోతుంది. అందుకే వాపులో కాకుండా దూరంగా, నరం మొదట్లో ఇంజెక్షన్ ఇస్తాం, దాన్ని బ్లాక్ అంటాం, లేదా ముందు చీము వదిలేసి నాలుగు రోజులాగి పని చేస్తాం. వాపు రాకముందే వస్తే ఈ బాధే ఉండదనుకోండి.

ప్రశ్న (బోడుప్పల్): నాకు ఐదో నెల. పన్ను వాచింది. కాన్పు అయ్యేదాకా ముట్టుకోవద్దని అత్తయ్య అంటున్నారు.

జవాబు: అమ్మా, నాలుగు నుంచి ఆరో నెల దాకా పంటి పనులకి అన్నిటికన్నా సులువైన సమయం, మీరు సరిగ్గా అందులోనే ఉన్నారు. చీము విషయంలో అయితే ఏ నెలైనా ఆగకూడదు, ఇన్‌ఫెక్షన్ దాచుకోవడమే బిడ్డకి ఎక్కువ ప్రమాదం. మత్తు ఇంజెక్షన్, లెడ్ ఏప్రాన్ వేసి తీసే ఒక్క చిన్న ఎక్స్‌రే, పెన్సిలిన్ పడితే అమాక్సిసిలిన్, వీటికి భయపడక్కర్లేదు. నొప్పికి పారాసిటమాల్ వాడండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మీ అంతట మీరు వేసుకోవద్దు, ముఖ్యంగా 20 వారాలు దాటాక. టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్ వద్దు, బిడ్డ పళ్ళకి రంగు పడుతుంది. అత్తయ్యగారిని కూడా పంటి డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకుని పోండి, ఆవిడ ఎదురుగానే డాక్టర్ మీ గైనకాలజిస్ట్‌తో మాట్లాడతారు.

ప్రశ్న (అంబర్‌పేట): పై పన్ను తీయిస్తే కంటి చూపు పోతుందట కదా?

జవాబు: పోదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. నిజానికి భయపడాల్సింది తీయించకుండా వదిలేసిన పై కోర పన్నుకి, దాని చీము కన్ను కిందికి ఎగబాకుతుంది, అక్కడి సిరలు కంటి వెనక నుంచి మెదడు దగ్గరి దాకా కలిసే ఉంటాయి.

ప్రశ్న (రామంతాపూర్): మా తాతమ్మ వాకుడు గింజల పొగ పట్టించి పంటి పురుగులు రాల్చేదట. లవంగ నూనె కూడా అంతేనా?

జవాబు: పంట్లో పురుగులుండవండీ, రాలినట్టు కనిపించేవి వేడికి విచ్చుకున్న గింజల ముక్కలు. లవంగ నూనె వేరే సంగతి, అందులో యూజినాల్ నిజంగానే కాసేపు నరాన్ని మొద్దుబరుస్తుంది, మేం వాడే కొన్ని సిమెంట్లలో కూడా అదే ఉంటుంది. దూదికి ఒక చుక్క చాలు, సీసా వంపుకుంటే చిగురు కాలుతుంది. చీముకి మాత్రం పనిచేయదు. ఆస్పిరిన్ మాత్ర పన్ను పక్కన పెట్టుకునేవాళ్ళున్నారు, అది పక్కా కాలిన పుండే.

ప్రశ్న (నాచారం): మా పాపకి ఐదేళ్ళు, పాల పన్ను దగ్గర చీము పొక్కు. ఎలాగూ ఊడిపోయేదే కదా అని ఆగాం.

జవాబు: ఆ పన్ను కిందే కొత్త పన్ను తయారవుతూ ఉంటుంది, చీము దాని మీదే కారుతుంది. వచ్చే పన్ను మచ్చలతో, గుంటలతో రావచ్చు, దాన్ని టర్నర్స్ టూత్ అంటారు. దవడ పాల పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాల్సినవి. ఈ వారమే చూపించండి, పిల్లలకి వాపు చాలా త్వరగా పాకుతుంది.

ప్రశ్న (మల్లాపూర్): రూట్ కెనాల్, క్యాప్ అంటే వేలల్లో చెప్తున్నారు. నేను ఆటో నడుపుతా అన్నా. పీకించుకుంటే తప్పా?

జవాబు: తప్పేం కాదు అన్నా. పన్ను నిలబెట్టగలిగితే రూట్ కెనాల్ మంచిది, గొట్టం గీకి, సోడియం హైపోక్లోరైట్ అనే క్రిములని చంపే ద్రవంతో కడిగి, గట్టా పెర్చా అనే రబ్బరు లాంటి దానితో మూసేస్తారు, నమలడానికి మీ పన్ను మీకు ఉంటుంది. కానీ డబ్బుల్లేవని ఆరు నెలలు మాత్రల మీద నెట్టుకొచ్చేకంటే పీకించుకోవడం వంద రెట్లు నయం, చీము మూలం పోతుంది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి పక్కనే గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, ముందు అక్కడ అడిగి చూడండి. పొద్దున్నే పోండి, లైన్ ఉంటుంది, ఏమన్నా తినే పోండి, వాడే మందుల చీటీలు జేబులో పెట్టుకోండి, రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.